బెరడు కాని గీత

అన్యాయం ఎవరికి జరిగింది? నా తమ్ముడు రొజేర్ మిషోకి. ఏమిటా అన్యాయం? వాడు తాగి చెక్క చెక్కే లేత్ యంత్రం ముందు నిలబడి ప్రాణం తీసుకున్నాడని ఒక చలికాలమంతా ఊరు చెప్పుకుంది. వాడు తాగలేదని తెలిసినవాళ్ళు ఆ ఊళ్ళోనే ఉన్నారు. వారం వారం వాడితో ఒకే బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళు వాళ్ళు. నోరు విప్పలేదు. అబద్ధం రెండు రకాలని కాన్వెంటులో మాకు నేర్పారు: నోటితో ఆడేది ఒకటి, నోరు మూసుకుని ఆడేది ఒకటి. రెండోదానికే శిక్ష ఎక్కువని సిస్టర్ ఫిలొమెన్ చెప్పేది. ఆమె చెప్పిన చాలా మాటలు నేను మరిచిపోయాను, అది మాత్రం మరిచిపోలేదు.

మా నది లోయలో నవంబరు దాటితే నేల ఇనుములా బిగుసుకుంటుంది. ఆ తరవాత పోయినవాళ్ళ పెట్టెలను శ్మశానం గేటు పక్కనున్న రాతి గదిలో ఉంచి, మంచు కరిగి నేల పారకు లొంగినప్పుడు ఒక్కొక్కటిగా తీసి పూడుస్తారు. రొజేర్ డిసెంబరు మొదట్లో పోయాడు. అంటే వాణ్ణి ఎక్కడ, ఎవరి పక్కన పడుకోబెట్టాలో తేల్చుకోవడానికి బతికున్నవాళ్ళకు ఒక చలికాలం గడువు దొరికింది.

చర్చి కింది హాలులో మాది ఒక సంఘం. పూర్వం లేత్ మీద చెక్క గిన్నెలు తిప్పేవాళ్ళది ఒకటి, ఫొటోలు తీసేవాళ్ళది ఒకటి, రెండు ఉండేవి. మనుషులు తగ్గిపోయి, హాలు వెచ్చబెట్టుకోవడం ఎవరికి వారికి భారమై, రెండూ కలిసిపోయాయి. శనివారం పొద్దున బల్ల మీద చెక్క, గోడ మీద ఫొటోలు. తాను చేసింది తాను తెచ్చి చూపించాలి, ఎక్కడ చెయ్యి తప్పిందో కూడా చెప్పాలి. గిన్నెలవాళ్ళకొక అలవాటుంది. గిన్నె చేతికిస్తే దాని అందం చూడరు, ముందు బోర్లించి అడుగు చూస్తారు. నేను ఫొటోలదాన్ని. రొజేర్ గిన్నెలవాడు.

ఒకప్పుడు తాగేవాడు కూడా. దాన్ని దాచను. భార్య ఇరేన్ బతికున్నంతకాలం తాగాడు. ఆమె పోయాక మానేశాడు. అప్పటికి కూతురు కొలోంబ్ వాడితో మాట మానేసి ఏళ్ళయింది. వాడు మానేశాడన్నది ఆమె నమ్మడానికి మరికొన్ని ఏళ్ళు పట్టింది. నమ్మాక తన పిల్లల్ని వాడింటికి తీసుకురావడం మొదలుపెట్టింది. వాళ్ళ కోసమే వాడు లేత్ మీద బొంగరాలు చేసేవాడు.

ఏటా నవంబరులో కర్రల పంపకం జరుగుతుంది. ప్రతివాడూ ఒక దిమ్మ తెచ్చి బల్ల మీద పెడతాడు. చీటీలు తీస్తారు. ఎవరికి ఏది వస్తే దానితో గిన్నె చేసి తేవాలి. దీనికి ఒకే ఒక్క నియమం: ఇచ్చేవాడు తన కర్రలో ఉన్న లోపాన్ని అందరూ వినేలా పైకి చెప్పాలి.

"నాది పురుగు పట్టింది. కానీ చచ్చిన పురుగే," అంది జెమ్మా. ఆడవాళ్ళలో లేత్ పట్టింది ఆమె ఒక్కతే. హాలులో కాఫీ కాచేదీ ఆమే.

"నీ కాఫీ తాగి చచ్చుంటుంది," అన్నాడు వాల్యే.

"ఓహో! మరి వారం వారం ఆ కాఫీ పిప్పి డబ్బాకెత్తుకుపోతావెందుకురా?"

"తోటలో వానపాములకి."

"నవంబరులో వానపాములా! వాటికి కోట్లు కూడా కుట్టించావా?"

అందరూ నవ్వారు. వాల్యే కూడా నవ్వాడు. సగం ఊరికి చలికాలపు కట్టెలు వేసేది అతడే. మనిషి మంచివాడని పేరు. సంఘానికి పెద్ద లుద్జే మాత్రం వదల్లేదు.

"సరేగానీ నీ దిమ్మ సంగతి చెప్పు. పోయినేడాది నువ్విచ్చింది చేత్తో పట్టుకుంటే అటుకుల్లా రాలింది. ఇది పొయ్యిలోకా, లేత్ మీదకా?"

వాల్యే చెవులు ఎర్రబడ్డాయి. "మేపుల్ కర్ర. లోపమేం లేదు," అన్నాడు. "ఆ నల్ల గీత బెరడు. లోపలికి మడిచి పెరిగింది. అది అందమే."

చీటీలో ఆ దిమ్మ రొజేర్‌కి వచ్చింది. వాడు దాన్ని రెండు చేతులా ఎత్తి కిటికీ వెలుగులోకి తిప్పాడు. నేను కెమెరా ఎత్తాను.

"నన్ను కాదక్కా, దీన్ని తియ్యి. మనింట్లో ఇంత అందమైన మొహం ఎవరికీ లేదు."

తీశాను. వాడు బతికుండగా నేను తీసిన ఆఖరి ఫొటో అది. అందులో వాడి వేళ్ళు మాత్రమే ఉన్నాయి.

*

డిసెంబరులో ఆ శనివారం మీటింగుకు తీసుకువెళ్ళడానికి వచ్చిన వాల్యేనే రొజేర్‌ని వాడి పనిగదిలో మొదట చూశాడు. లేత్ ఇంకా తిరుగుతూనే ఉంది. గిన్నె తిరుగుతూ తిరుగుతూ పగిలి, ఒక ముక్క వాడి నుదుటికి తగిలింది. ముఖానికి కట్టుకున్న అద్దపు ముసుగు కూడా పగిలింది. ముసుగు కట్టుకునే ఉన్నాడన్నది గుర్తుంచుకోవాలి. వచ్చిన డెప్యూటీ, పోలీసు కుర్రవాడు, వాడి మీదికి వంగి, ముక్కు చిట్లించి, "మందు కొట్టాడు," అన్నాడు. నుదురు పగిలిన మనిషి ఎందుకు పోయాడో తేల్చడానికి ఇక పరీక్షలేమీ అక్కర్లేదనుకున్నారు. సాయంత్రానికి ఆ మాట ఊరంతా తిరిగొచ్చింది.

అది మందు వాసన కాదు. చేసిన గిన్నెలకు మెరుపు రావడానికి లక్కను స్పిరిట్‌లో కరిగించి పూస్తారు. గుడ్డతో, చేతులతో పూస్తారు. చొక్కా చేతులు దానితో తడుస్తాయి. గిన్నెలు చేసే ప్రతి మగవాడూ శనివారం చర్చి హాలుకు ఆ వాసనతోనే వచ్చేవాడు. నేను ఈ మాట చెప్పాను. తమ్ముడి గురించి అక్క చెప్పే మాటకు ఎవరు విలువిస్తారు? గిన్నెలవాళ్ళు చెప్పాలి. అందుకని లుద్జే ఇంటికి వెళ్ళాను. మేమిద్దరం ఒకే క్లాసులో చదువుకున్నాం.

"ఫ్రెడా, పోయినవాడు పోయాడు," అన్నాడు.

"అది లక్క వాసనని నీకు తెలుసా, తెలియదా?"

"తెలిస్తే?"

"తెలిస్తే చెప్పు. చర్చి మెట్ల మీద నిలబడి చెప్పు."

"అది చెబితే రెండో ప్రశ్న పుడుతుంది. తాగకపోతే మరెందుకు పగిలిందీ అంటారు."

"ఎందుకు పగిలింది?"

"కాఫీ తాగుతావా?" అన్నాడు లుద్జే, లేస్తూ.

నేను తాగలేదు. ఇంటికి వచ్చేదారంతా ఆ రెండో ప్రశ్న నా వెనకే నడిచి వచ్చింది.

*

కొలోంబ్ స్కూలు బస్సు నడుపుతుంది. జనవరిలో ఒక మధ్యాహ్నం పిల్లలందర్నీ దించేసి, మా ఇంటి ముందు మలుపులో బస్సు ఆపి తలుపు తెరిచింది. నేనే ఆపమని చెయ్యి ఎత్తాను.

"మెట్టు జారుతుంది అత్తా, కమ్మీ పట్టుకో."

మొదటి సీట్లో కూర్చున్నాను. బస్సంతా తడి ఉన్ని, నారింజ తొక్కల వాసన.

"మీ నాన్న తాగలేదు."

"మళ్ళీ మొదలెట్టావా?"

"అది లక్కలో పోసే స్పిరిట్."

"ఆస్పత్రిలో ఆ చొక్కా నా చేతికిచ్చారు అత్తా. చిన్నప్పుడు ఆ వాసన మెట్లెక్కి పైకొస్తుంటే దుప్పటి ముక్కు మీదికి లాక్కునేదాన్ని. నాకు తెలియదా అదేంటో?"

"నీకు రెండింటికీ తేడా తెలియదు."

"నువ్వొక్కదానివే అంటున్నావు ఆ మాట. ఆ గిన్నెలవాళ్ళలో ఒక్కరన్నారా? అంతమంది ఉన్నారు కదా, ఒక్కరు?"

ఆమె అద్దం మీది మంచును తుడిచే పుల్లల్ని ఊరికే ఒకసారి ఆడించి ఆపింది.

"అమ్మ పక్కన పెట్టను. అమ్మ జీవితమంతా ఆ వాసన పక్కనే పడుకుంది, ఇంక చాలు. కంచె దగ్గర కొత్త భాగంలో చోటు చెప్పేశాను."

"కొలోంబ్..."

"నమ్మి నా పిల్లల్ని తెచ్చి ఆయన ఒళ్ళో కూర్చోబెట్టాను అత్తా. ఇప్పుడు చచ్చిపోయాడని ఏడవాలా, మోసం చేశాడని ఏడవాలా, చెప్పు నువ్వు. రెండూ ఒకేసారి రావట్లేదు నాకు."

ఆమె ఏడవలేదు. నేనూ ఏడవలేదు. మా ఇంటి ఆడవాళ్ళకు అది త్వరగా రాదు.

*

మరునాడు నేలమాళిగ కిటికీకి దుప్పటి కప్పి ఎర్రదీపం వెలిగించాను. నవంబరులో తీసిన ఫిల్మును అప్పటిదాకా కడగనే లేదు. ఆ ఒక్క ఫొటోను కాగితం పట్టినంత పెద్దది చేసి, మందునీళ్ళలో వేసి ఊపుతూ నిలబడ్డాను. ముందు రొజేర్ గోళ్ళు తేలాయి. తరవాత చెక్క వలయాలు, నీటిలో రాయి వేస్తే విచ్చుకున్నట్టు. వాటి మీదుగా ఆ నల్ల గీత. అది వలయాల వెంట పోవడం లేదు. వాటిని అడ్డంగా కోసుకుంటూ లోపలికి దిగిపోయింది.

చూడటం నాకు వచ్చు, చూసిందానికి అర్థం చెప్పడం గిన్నెలవాళ్ళ పని. ఆరిన ఫొటోను జెమ్మా ఇంటికి తీసుకువెళ్ళాను. ఆమె పెనం మీద బక్‌వీట్ పిండితో అట్లు పోస్తోంది. చెయ్యి తుడుచుకుని ఫొటో అందుకుంది, అందుకోగానే అలవాటు కొద్దీ బోర్లించి వెనక చూసింది.

"ఫొటోకి అడుగుండదే," అన్నాను.

తిప్పి చూసింది. ఎప్పుడూ మాటకు మాట అందించే మనిషి నవ్వలేదు. పెనం కింద మంట ఆపేసింది.

"బెరడు వలయం వెంబడి ఒదిగి పెరుగుతుంది ఫ్రెడా. ఇలా అడ్డం పడి పోదు. ఇది పగులు."

"పగులైతే తెరుచుకుని కనబడదా?"

"కూరేశాడు. జిగురు పోసి, నల్లగా కనబడ్డానికి పైన..." ఆమె మాట అక్కడ ఆగింది. ఫొటోను కిటికీ దగ్గరికి తీసుకుపోయి కళ్ళకు ఆనించుకుంది. "ఇది నా కాఫీ," అంది. "అమ్మో. ఇది నా కాఫీయే."

తరవాత కుర్చీలో కూర్చుని, ఎవరో అడిగినట్టు తనే చెప్పుకుపోయింది. సన్న పగుళ్ళకు అందరూ అలాగే చేస్తారట, కానీ గిన్నె పూర్తయ్యాక, అందం కోసం. లేత్ మీద తిప్పబోయే దిమ్మకు చేయరు. చేసినా, తిప్పేవాడికి చెప్పకుండా ఇవ్వరు. జిగురు పైన పట్టినట్టే ఉంటుందట, లోపల చెక్క పలచబడే కొద్దీ వదిలేస్తుందట.

"ఇదే మాట కొలోంబ్‌తో చెప్పు."

"నన్నడక్కు ఫ్రెడా."

"జెమ్మా!"

"వాల్యే కట్టెలు వేయకపోతే నా ఇల్లు ఫిబ్రవరి దాటదు. నాదే కాదు, లుద్జేది కూడా. నీకైతే నూనె పొయ్యి ఉంది." ఆమె ముఖం గట్టిపడింది. "అట్లు చల్లారిపోతున్నాయి. తింటే తిను."

*

వాల్యే కొట్టు వెనక కట్టెలు చీలుస్తున్నాడు. ఫొటోను కట్టెల దొంతి మీద పెట్టి, ఎగిరిపోకుండా పైన ఒక పేడు పెట్టాను. అతడు చూశాడు. గొడ్డలిని మొద్దులో దింపి చేతి తొడుగులు తీశాడు.

"వెంట్రుకంత పగులు ఫ్రెడక్కా. జిగురు పట్టుకుంటుందనుకున్నా."

"లోపం లేదని చెప్పావు."

"అంతకుముందేడాది అందరూ నవ్వారు. లుద్జే మళ్ళీ మొదలెట్టాడు, నువ్వూ విన్నావుగా. నోట్లోంచి అలా వచ్చేసింది. వచ్చాక ఎలా తీసుకోను వెనక్కి?"

నా తమ్ముడి చావుకు కారణం అంతే. ఒక శనివారపు నవ్వు. అంతకంటే పెద్దదేదైనా ఉంటే బాగుండునని ఆ క్షణాన నాకనిపించింది.

"పగులు సంగతి దేవుడికి చెప్పుకో. తాగుబోతన్న మాట సంగతి నాకు చెప్పు. అది అన్నప్పుడు పక్కనే ఉన్నావు."

"నేననలేదు ఆ మాట. ఆ డెప్యూటీ అన్నాడు."

"నువ్వు కాదనలేదు."

"ఇప్పుడు చెబితే వాడు లేచొస్తాడా?"

"వాడు రాడు. వాడి కూతురు వాణ్ణి ఇరేన్ పక్కన పడుకోనివ్వనంటోంది. అది మార్చే మాట నీ నోట్లో ఉంది."

అతడు తొడుగులు మళ్ళీ వేసుకున్నాడు. "నేనూ ఈ ఊళ్ళో బతకాలి అక్కా," అన్నాడు. గొడ్డలి పట్టుకున్నాడు గానీ నేను గేటు దాటేదాకా దెబ్బ చప్పుడు వినబడలేదు.

మార్చి మీటింగులో ఆ ఫొటోను నేను గోడకు మేకుతో కొట్టాను. కింద ఏమీ రాయలేదు. గిన్నెలవాళ్ళు కాఫీ గ్లాసులతో ఒక్కొక్కరే దాని ముందుకు వచ్చారు, నిలబడ్డారు, ఎవరికి వాళ్ళే కుర్చీల్లోకి వెళ్ళిపోయారు. చదవడం వచ్చినవాళ్ళకు అందులో చదవవలసిందంతా ఉంది. ఆ పొద్దున ఎవరూ గిన్నెలు బోర్లించి చూడలేదు. చివరికి లుద్జే లేచి మేకు తీసి, ఫొటోను నా చేతికిచ్చాడు.

"ఇక్కడ అందమైనవి పెడతాం ఫ్రెడా."

"ఇది అందమైనదేనని ఇదే బల్ల దగ్గర చెప్పారు," అన్నాను.

ఫొటోను సంచిలో పెట్టుకున్నాను. కొలోంబ్ దగ్గరకు మాత్రం తీసుకుపోలేదు. ఎందుకు తీసుకుపోలేదని తరవాత కొందరు అడిగారు. తీసుకుపోతే అది మళ్ళీ అక్క చెప్పిన మాటే అవుతుంది. చెప్పవలసిన బాకీ ఎవరిదో వాళ్ళ నోటి నుంచే రావాలి.

వాల్యే ఆ రోజు హాలుకు రాలేదు. ఈస్టరు పూజలో కనబడ్డాడు. అందరూ లేచి సత్ప్రసాదానికి వరుసగా ముందుకు నడుస్తుంటే, అతడు బెంచీలోనే మోకాళ్ళు పక్కకు తిప్పి మిగతావాళ్ళకు దారి ఇచ్చాడు. లేవలేదు. ఈస్టరు నాడు లేవని మనిషిని మా ఊళ్ళో ఎవరూ ఏమీ అడగరు, కానీ చూడనివాళ్ళు ఉండరు. ఎత్తుకుపోయిన సొత్తు తిరిగి ఇవ్వనివాడికి పాపక్షమాపణ లేదు, అది లేనివాడు సత్ప్రసాదం తీసుకోకూడదు. మనిషి మంచిపేరు కూడా సొత్తేనని ఫాదర్ అతడికి చెప్పి ఉండాలి.

*

మే నెలలో రాతి గది తెరిచారు. రొజేర్ పెట్టెను కొత్త భాగంలోకి, కంచె పక్కన తవ్విన గోతి దగ్గరికి తెచ్చారు. సంఘంవాళ్ళంతా వచ్చారు. చావుకు రావడం తప్పదు కదా. టోపీలు చేతుల్లో పట్టుకుని, బురదలో కాలు మార్చి కాలు మోపుతూ నిలబడ్డారు. కొలోంబ్ పిల్లల్ని తీసుకురాలేదు. ఫాదర్ పుస్తకం తెరిచాడు.

"ఒక్క నిమిషం ఫాదర్," అన్నాడు వాల్యే.

మనిషి సగమై ఉన్నాడు. నా వంక చూడలేదు. వెళ్ళి కొలోంబ్ ఎదురుగా నిలబడ్డాడు.

"మీ నాన్న తాగలేదమ్మా. నేనిచ్చిన దిమ్మలో పగులుంది. నాకు తెలుసు. జిగురు పోసి కాఫీ పిప్పితో కప్పాను. బెరడని చెప్పాను. అది పగిలింది. అంతే జరిగింది."

కొలోంబ్ కదల్లేదు. "వాసన?" అంది.

"లక్క. స్పిరిట్ వాసన. గిన్నెలు చేసే ప్రతివాడికీ తెలుసు."

ఆమె తల తిప్పి టోపీల వంక చూసింది. ఊరికే చూస్తూ నిలబడింది. కంచె అవతల రోడ్డు మీద ఒక లారీ పోయింది.

"నాకు తెలుసు," అన్నాడు లుద్జే. "మొదటి రోజు నుంచీ తెలుసు."

"నాకూ తెలుసు," అంది జెమ్మా. తరవాత ఆమె పక్కవాడు అన్నాడు, వాడి వెనకవాడు అన్నాడు. కొందరు తల మాత్రం ఊపారు. కొలోంబ్ వాళ్ళ ముందు కూడా ఆగింది, నోటితో చెప్పేదాకా.

నేను అడిగింది అంతే. అక్కడితో ఆగినా నేను సరేననేదాన్ని. వాల్యే ఆగలేదు.

"ఇంకొకటుంది. అది మీ అత్తకి కూడా తెలియదు. ఆ రోజు నేను వెళ్ళేసరికి జిగురున్న ముక్క నేల మీద ఉంది. తీసి పనిగదిలో ఉన్న వాడి పొయ్యిలోనే వేశాను. అది అంటుకున్నాక ఫోన్ చేశాను."

"అప్పటికి ఆయనకి ఊపిరి ఉందా?" అంది కొలోంబ్.

వాల్యే టోపీని చేతుల్లో నలిపాడు.

"చూడలేదు," అన్నాడు. "ముందు అది చూడలేదు."

ఫాదర్ పుస్తకంలో వేలు పెట్టుకుని నిలబడ్డాడు. కొలోంబ్ తవ్వేవాళ్ళ వైపు తిరిగింది.

"ఇది పూడ్చేయండి. అమ్మ పక్కన తవ్వండి."

"అక్కడ చెట్ల నీడమ్మా," అన్నాడు వాళ్ళలో పెద్దవాడు. "కింద ఇంకా గడ్డగానే ఉంటుంది. సాయంత్రమైపోద్ది."

"అవనీ."

వాల్యే గునపం వైపు చెయ్యి చాపాడు. "నువ్వు ముట్టుకోకు," అంది కొలోంబ్, గొంతు పెంచకుండానే. అతడు వెనక్కి జరిగి గేటు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. ఇంటికి మాత్రం వెళ్ళలేదు. లుద్జే కోటు విప్పి సమాధిరాయి మీద వేశాడు. తరవాత మిగతావాళ్ళు కూడా వంతులు వేసుకుని తవ్వారు. పైన మట్టి, కింద ఇనుము. గునపం దిగినప్పుడల్లా మంచుగడ్డ నిప్పురవ్వల్లా చిమ్మింది. నేనూ, కొలోంబూ పెట్టెకు చెరోవైపు నిలబడ్డాం. కూర్చోమని ఎవరో కుర్చీ తెచ్చారు. మేం కూర్చోలేదు.

పొద్దు వాలే వేళకు గొయ్యి సరిపడా లోతైంది. ఇరేన్ పక్కన, అంగుళం తేడా లేకుండా. జెమ్మా నా దగ్గరికి వచ్చి ఏదో చెప్పబోయింది. నేను తల అడ్డంగా ఊపాను. క్షమించమని అడగవలసింది నన్ను కాదు, కృతజ్ఞత చెప్పడానికి వాళ్ళు నాకేమీ దానం చేయలేదు. ఊరంతా కలిసి నా తమ్ముడికి బాకీ పడ్డ మాట, చివరి ముక్కతో సహా, వాడి కూతురి చెవిన పడింది. అప్పుడు తాళ్ళు పట్టుకున్నవాళ్ళకు నేనే చెప్పాను:

"ఇప్పుడు దించండి."